కోర్టు లేచేదాకా

ఇన్నాళ్ళూ ఈ సంగతి రాయలేదంటే మొదటి కారణం నాకు రాయడం రాకపోవడమే. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. మిషనరీ బడిలో పనిచేసి రిటైరైన పంతులమ్మగారు మా వీధిలో అద్దెకు దిగారు. మధ్యాహ్నం పూట ఆవిడకు చేపలు బాగుచేసి పెట్టేదాన్ని. ఆవిడ పలక ముందు పెట్టి నా చేత దిద్దించేవారు. తప్పుల్లేకుండా ఒక కార్డుముక్క రాయడానికి మూడేళ్ళు పట్టింది.

"ఇన్నేళ్ళూ ఎవరి చేతనైనా రాయించుకోలేకపోయారా?" అని ఒకరోజు ఆవిడే అడిగారు. రాయించాలంటే ముందు ఆ రాసే మనిషికి నోటితో చెప్పాలి. ఇందులో ఒక మాట ఉంది. ఆ రోజుల్లో అది పదిమందిలో చెబితే నవ్వారు. తరువాత మళ్ళీ చెప్పడానికి నోరు రాలేదు. పైగా నేను చెప్పింది ఇంకొకరు రాస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. అందుకని నా చెయ్యి తిరిగేదాకా ఆగాను.

నేను పుట్టింది ముదినేపల్లి దగ్గర. నన్నిచ్చింది కొల్లేటి మధ్యన ఒక లంక ఊళ్ళో. చేపలవాళ్ళం. తెల్లదొరల కాలం, ముప్పైల్లోని మాట. నాకప్పటికి ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. పెళ్ళై నాలుగు చలికాలాలు అయింది. మా ఇద్దరి కాపురాన్ని నేను చలికాలాలతోనే లెక్కపెట్టుకుంటాను. మిగతా రోజుల్లో ఆయన వలల మీద, నేను గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళ మీద. ఇద్దరం కలిసి చేసే పని చలికాలంలోనే ఉండేది.

చలికాలం వచ్చేసరికి ఎక్కడెక్కడినుంచో పరజలు కొల్లేట్లో దిగుతాయి. అడవి బాతులు. వాటిని మావాళ్ళు పట్టే పద్ధతి ఒకటుంది. వారం పదిరోజుల ముందు ఖాళీ కుండలు కొన్ని నీళ్ళమీద వదిలేస్తాం. అది ఆడవాళ్ళ పని. గాలికి అవి అటూ ఇటూ తేలుతుంటే పిట్టలు మొదట బెదురుతాయి, తరువాత అలవాటు పడతాయి, కుండ పక్కనే రెక్కలు దువ్వుకుంటూ కూర్చుంటాయి. అప్పుడు ఒకరోజు తెల్లవారగానే మగవాడు రెండు కన్నాలు పొడిచిన కుండ తలమీద బోర్లించుకుని గొంతులోతు నీళ్ళలో మెల్లగా నడుస్తూ పిట్టల మధ్యకు వెళతాడు. నీళ్ళ కింద నుంచి కాళ్ళు పట్టి లాగి మొలతాడుకు దోపుకుంటాడు. పక్కనున్న పిట్టకు కూడా తెలియదు. భార్య నీళ్ళలో ఎత్తుగా పెరిగే కిక్కిసగడ్డి చాటున తాటిదోనెలో కూర్చుని కనిపెట్టుకుని ఉంటుంది.

ఆవిడకు ఒక్కటే కట్టడి. గొంతు ఎత్తకూడదు. మొదటి చలికాలంలో నాకు తుమ్ము వచ్చింది. అంతే, మొత్తం గుంపు ఒక్కసారి లేచి ఆకాశం నల్లగా అయిపోయింది. ఆయన కుండ తీసేసి నీళ్ళలో నిలబడి పగలబడి నవ్వారు. "ఒక్క తుమ్ముతో కొల్లేరు ఖాళీ చేసేశావు కదే!" అన్నారు. నేను ఏడుపు మొహం పెడితే, "పోనీలే పిల్లా, ఈ వేళ కూరకి నీ తుమ్మే వండు," అన్నారు. ఆ తరువాత నోరు మూసుకు కూర్చోవడం నేర్చుకున్నాను. దోమ కుట్టినా, పక్కనుంచి నీళ్ళపాము పోయినా కిక్కురుమనేదాన్ని కాదు. అందులో ఊళ్ళో నన్ను మించినది లేదని మా అత్తగారు కూడా ఒప్పుకునేది.

నీళ్ళనుంచి తిరిగొచ్చేసరికి ఆయన పెదాలు నల్లబడి పళ్ళు కొట్టుకుంటూ ఉండేవి. ఇంటికి రాగానే వేడిచేసిన తవుడు గుడ్డలో మూటకట్టి అరికాళ్ళకు కాపడం పెట్టేదాన్ని. కాళ్ళు వెచ్చబడితే ఆయనకు మాటలు వచ్చేవి. "పిట్ట కాలు నీళ్ళలో తామర కాడలా ఉంటుందే. పట్టుకున్నాక గాని దానికి గుండె ఉందని తెలియదు," అనేవారు. కుండ పెట్టుకుంటే బయటి చప్పుడు ఏదీ వినపడదనీ, తన ఊపిరే తనకు గాలివానలా వినిపిస్తుందనీ చెప్పేవారు. ఆయన పోయాక చాలా చలికాలాలు, పొద్దున్న లేచి పొయ్యి రాజేయగానే నా చెయ్యి దానంతటదే తవుడు డబ్బా మీదికి పోయేది.

ఆ ఏడు ధాన్యం పడవలు దోచుకునేవాడొకడు కాపలా తప్పించుకుని కొల్లేట్లోకి పారిపోయాడని పోలీసులు మా లంకకు వచ్చి మకాం వేశారు. ఒక సబ్ ఇన్‌స్పెక్టరు, ఆయన కింద ఏడెనిమిదిమంది కానిస్టేబుళ్ళు. అందరూ చింతలపూడి వైపు మెట్ట ఊళ్ళవాళ్ళే. నీళ్ళ సంగతి తెలియనివాళ్ళు. దొంగ తలమీద కుండ బోర్లించుకుని ఈదుకుంటూ లంకలు దాటుతున్నాడని వాళ్ళకు ఎవరో చెప్పారు.

ఆ మాట మా మామగారి చెవిన పడింది. ఆయన మకాం దగ్గరకు వెళ్ళారు. గడ్డం గీయించుకుంటున్న ఇన్‌స్పెక్టరుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, "అయ్యా, మావాళ్ళు పిట్టలకోసం కుండలు పెట్టుకుని దిగుతారండి. మీ జవాన్లకి ఒక మాట చెప్పి ఉంచండి," అన్నారట.

"సరేలే ముసలాడా, చెబుతాలే," అన్నాడట ఆయన సబ్బు నురగలోంచి.

ఆయన చెప్పలేదు. చెప్పలేదని ఎలా తెలుసంటే, తరువాత ఆ కానిస్టేబుళ్ళలో ఒకడే నాతో అన్నాడు.

ఆ పొద్దున మంచు పెద్దగా లేదు. నేను కిక్కిస చాటున దోనెలో ఉన్నాను. నేను వదిలిన కుండలు పది తేలుతున్నాయి. పదకొండోది ఆయనది. గాలి తూర్పునుంచి వీస్తోంది. పది కుండలూ పడమటికి జరుగుతుంటే ఆయనది ఒక్కటి నెమ్మదిగా తూర్పుకు వెళుతోంది. మా ఊళ్ళో పాలుతాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు, గాలికి ఎదురు వెళ్ళే కుండ కింద మనిషి ఉంటాడని. ఎవరో పిట్టలు పడుతున్నారులే అనుకుని పక్కనుంచి దోనె తిప్పుకుని పోతారు.

గట్టు మీద ఖాకీ బట్టలు కనిపించాయి. ఒక్కడే ఉన్నాడు. అతనూ ఆ కుండనే చూశాడు. గాలికి ఎదురు పోతున్న కుండ కింద మనిషి ఉన్నాడని అతనికీ అర్థమైంది. మెట్ట మనిషికి వచ్చిన ఆలోచన వేరు.

అతను తుపాకి ఎత్తాడు. నేను చూశాను.

ఇదీ నేను చెప్పలేకపోయిన మాట. నేను చూశాను, అరవలేదు. మకాం వేసినప్పటినుంచి పోలీసులు రోజూ కూరకోసం పిట్టల్ని కొడుతున్నారు. ఇతను కూడా పరజనే కొట్టబోతున్నాడనుకున్నాను. ఇప్పుడు అరిస్తే గుంపంతా లేస్తుంది, ఆయన రెండు గంటలు చలినీళ్ళలో నడిచిన నడక వృథా అవుతుంది అనుకున్నాను. తుపాకి పేలినా అవి లేస్తాయని ఆ క్షణాన తట్టలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను కూడా, ఎక్కడ అరుస్తానో అని. తుపాకి పేలింది. పిట్టలు లేచాయి. ఆ రెక్కల చప్పుడులో గట్టుమీది మనిషి, "ఆగు! ఎవడ్రా అది? ఆగు!" అని అరవడం వినపడింది. ముందు తుపాకి, తరువాత అరుపు. నేను దోనె తోసుకుని వెళ్ళేసరికి కుండ పగిలి ఉంది.

అతను నడుములోతు నీళ్ళలోకి దిగి వచ్చాడు. ఆయన మొలకు దోపిన పరజలు ఇంకా బతికే ఉన్నాయి, రెక్కలు కొట్టుకుంటున్నాయి. అతను ఆ పిట్టల్ని చూశాడు. నన్ను చూశాడు. "అయ్యో, పిట్టలోడా," అన్నాడు. ఇద్దరం కలిసి ఆయన్ని దోనెలోకి ఎక్కించాం.

మధ్యాహ్నం హెడ్డు కానిస్టేబులు వచ్చి నా వాంగ్మూలం రాసుకున్నాడు. నేను చెప్పింది చెప్పాను. అతను రాసింది రాశాడు. "వెయ్యమ్మా వేలు," అన్నాడు. వేశాను. ఆయన శవం ఇంకా వాకిట్లోనే ఉంది. ఆ పూట ఎవరు ఏ కాగితం పెట్టినా వేలు వేసేదాన్ని.

ఆ కానిస్టేబులు మీద కేసు పెట్టారు, పొరపాటున ప్రాణం తీసినందుకు. ఇన్‌స్పెక్టరు మీద పెట్టలేదు. విచారణ ఏలూరులో అన్నారు. వాయిదాలు పడి పడి ఎండాకాలం వచ్చింది. అప్పుడొక రోజు ఒక పెద్దావిడ ఈతపళ్ళ బుట్ట చేత్తో పట్టుకుని పడవ దిగి మా ఇల్లు అడుక్కుంటూ వచ్చింది. ఆ కానిస్టేబులు తల్లి. గుమ్మం బయటే కూర్చుంది.

"మా వాడికి నిద్ర లేదు తల్లీ. కంచం ముందు కూర్చుని అన్నం కలిపి అలాగే లేచిపోతాడు," అంది.

మా అత్తగారు లోపలికి వెళ్ళిపోయింది. మామగారు వల అల్లుతూ తల ఎత్తకుండానే అన్నారు: "మా లంకల్లో అయితే ఈ పాటికి మీ అబ్బాయి మీరు కూర్చున్నచోట కూర్చుని ఉండేవాడండి."

ఆవిడకు అర్థం కాలేదు. మామగారు చెప్పారు. మా వాళ్ళలో ఒకరి పొరపాటువల్ల ఇంకొకరి ప్రాణం పోతే, ఆ మనిషి పోయినవాళ్ళ గుమ్మంలో కూర్చుని జరిగింది మొదటినుంచి చివరిదాకా తన నోటితో చెప్పాలి. ఇంట్లోవాళ్ళు ఏది అడిగితే అది చెప్పాలి. వాళ్ళు మంచినీళ్ళు ఇచ్చేదాకా లేవకూడదు. ఆ తరువాత ఒక పంట కాలం ఆ ఇంటి పని చెయ్యాలి. మామగారి చిన్నప్పుడు ఒకతను మంచులో పడవ గడ వేస్తూ నీళ్ళలో ఉన్న మనిషిని పొడిచేశాడు. పోయినతని చెల్లెలు, "నువ్వు చూసేసరికి మాట ఉందా మా అన్నకి?" అని అడిగిందట. "ఉంది. అమ్మా అన్నాడు," అని చెప్పాడట. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి, లేచి వెళ్ళి తనే నీళ్ళు తెచ్చిందట.

"అలా వచ్చి చెప్పేవాడేనండి మా వాడు. ప్లీడరుగారు నోరు విప్పొద్దన్నారు. ఉద్యోగం పోతుందన్నారు," అంది పెద్దావిడ. తరువాత నా వైపు తిరిగింది. "నీ నోటితో వాడికి ఎక్కువ పడకుండా చూడు తల్లీ."

"నేను చూసింది చెబుతానండి," అన్నాను.

"సరే, చెప్పు. వాడి మొహం చూసి చెప్పు," అందావిడ.

ఈతపళ్ళ బుట్ట గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయింది. ఎవరం ముట్టుకోలేదు. అలాగని పారేయడానికీ మనసొప్పలేదు.

ఆ రోజుల్లో నేను ఏం కోరుకున్నానో ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే నవ్వు వస్తుంది. అతన్ని ఉరితీయాలనుకోలేదు. జైల్లో ఎన్నేళ్ళు పెడతారని లెక్క వేసుకోలేదు. ముందు తుపాకి పేలిందని అతను నలుగురిలో ఒక్కసారి అంటే చాలనుకున్నాను. ఆ మాట నేను అంటే నా మాట. అతను అంటే అది జరిగినట్టు. పొయ్యి దగ్గర, గంప నెత్తిమీద పెట్టుకున్నప్పుడు, నిద్రపట్టేముందు, ఆ మాట అతని గొంతుతో వింటున్నట్టు ఊహించుకునేదాన్ని. మా ఆయన మళ్ళీ లేచి రారు. కనీసం ఆయన పోయిన తీరు నిజంగా ఉండాలి కదా.

వాయిదా రోజున మామగారు, నేను పడవమీద ఏలూరు వెళ్ళాం. మా కేసుకు ముందు ఇంకో కేసు పిలిచారు. తాడేపల్లిగూడెం స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. గుర్రం బెదిరి పరిగెత్తి ఒక ముసలమ్మను తొక్కేసింది. అతనికి ప్లీడరు లేడు. మేజిస్ట్రేటుగారు అడగగానే, "నాదే తప్పండి. పగ్గం వదిలేసి బీడీ ముట్టించుకున్నానండి. అంతలో రైలు కూత వేసింది," అని చెప్పి ఏడ్చాడు. తనే ఒప్పుకున్నాడు గనుక కనికరించి ఆరు నెలల కఠినశిక్షతో సరిపెడుతున్నామన్నారు. అతని భార్య వసారాలో కూలబడిపోయింది.

తరువాత మమ్మల్ని పిలిచారు. కానిస్టేబులు మామూలు పంచె, చొక్కాలో బోనులో నిలబడ్డాడు. బాగా చిక్కిపోయాడు. నేను అతని మొహం చూసే చెప్పాను. ముందు తుపాకి, తరువాత అరుపు. అతను తల దించుకున్నాడు.

వాళ్ళ ప్లీడరు లేచి ఒక కాగితం నా ముందు పెట్టాడు.

"ఈ వేలిముద్ర నీదేనా అమ్మా?"

"నాదేనండి."

"ఇందులో ఏముందో చదువుతాను, విను. పోలీసువారు మూడుసార్లు ఆగమని కేకవేసినారు, నా భర్త ఆగలేదు, అప్పుడు కాల్చినారు. ఇది నువ్వు చెప్పిందేగా?"

"నేనలా చెప్పలేదండి."

"వేలు నీదే గానీ మాట నీది కాదా?"

ఎవరో నవ్వారు. ప్లీడరుకు హుషారు వచ్చింది. "పోనీ, అతను తుపాకి ఎత్తడం నువ్వు చూశానన్నావు. నీ భర్త ఆ కుండ కింద ఉన్నాడని నీకు తెలుసు. మరి ఎందుకు అరవలేదు?"

నాకు అబద్ధం తోచలేదు. "పిట్టలు లేచిపోతాయనండి," అన్నాను.

కోర్టంతా నవ్వింది. గుమస్తాలు, బయట కిటికీల దగ్గర నిలబడ్డవాళ్ళు, వాయిదాలకొచ్చిన రైతులు అందరూ నవ్వారు. మేజిస్ట్రేటుగారు బల్లమీద కొట్టారు. నవ్వనివాళ్ళు ఇద్దరే, మామగారూ ఆ కానిస్టేబులూ. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. బయటివాళ్ళలో అతనికొక్కడికే నా మాట అర్థమైందని అప్పుడు తెలిసింది నాకు. అతనూ ఆ పొద్దున ఆ పిట్టల్ని చూసినవాడే.

"నువ్వేమైనా చెప్పుకుంటావా?" అని మేజిస్ట్రేటుగారు అతన్ని అడిగారు. అతను ప్లీడరు వైపు చూశాడు. ప్లీడరు తల అడ్డంగా ఊపాడు. "ఏమీ లేదండి," అన్నాడు.

ఇన్‌స్పెక్టరుగారు ఇస్త్రీ బట్టల్లో వచ్చి సాక్ష్యం ఇచ్చి కుర్చీలో కూర్చున్నారు. మా మామగారు ముందే వెళ్ళి చెప్పిన సంగతి ఎవరూ అడగలేదు. మామగారు లేచి, "అయ్యా, నేను చెప్పానండి ఈయనకి..." అనబోతే బంట్రోతు భుజం పట్టి కూర్చోబెట్టాడు.

తీర్పు ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పారు. డ్యూటీ చేస్తూ చేసిన పొరపాటన్నారు. ఇంతవరకు మచ్చలేని సర్వీసన్నారు. సాక్షి మాట నిలకడగా లేదన్నారు. కోర్టు లేచేదాకా ఖైదు అన్నారు.

మామగారు పక్కనున్న గుమస్తాను అడిగారు, "అంటే ఎన్నేళ్ళండి?"

"ఏళ్ళేమిటయ్యా? కోర్టు అయిదింటికి లేస్తుంది," అన్నాడు గుమస్తా.

అప్పటికి రెండు దాటింది.

మామగారు ఇంటికి పోదామన్నారు. నేను కదలలేదు. అతన్ని గోడవారన బల్లమీద కూర్చోబెట్టారు. ఎదురు గోడ దగ్గర నేల మీద నేను కూర్చున్నాను. కాలువ గట్టు తగాదా ఒకటి, పొలం సరిహద్దు ఒకటి నడిచాయి. అతను తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. నేను జట్కావాడి గురించి ఆలోచించాను. ఇద్దరూ చంపాలని చంపలేదు. ఒకడు చేతిలో పగ్గం వదిలాడు, ఒకడు చేతిలో తుపాకి పేల్చాడు. నిజం చెప్పినవాడికి ఆరు నెలలు, నోరు మూసుకున్నవాడికి సాయంత్రం దాకా. జట్కావాణ్ణి నమ్మి ఎవరూ ప్రాణాలు చేతికివ్వలేదు. తుపాకి ఉన్నవాడికి మాత్రం సర్కారు మా అందరి ప్రాణాలూ అప్పజెప్పింది. అలాంటివాడి పొరపాటు ఎక్కువ తూగాలా, తక్కువ తూగాలా? ఇక కుర్చీలో కూర్చున్న ఆయన, సబ్బు నురగలోంచి సరేలే అన్నాయన పొరపాటు ఎవరు తూచారు? మరి నాది? నేను ఆ రోజు అరిచి ఉంటే ఈ బల్లా ఉండేది కాదు, ఈ గోడా ఉండేది కాదు.

ఇన్నేళ్ళు ఆలోచించాను. జైలు వద్దనను. చేసిన పనికి శిక్ష ఉండాలి, ఖాకీ వేసుకున్నాడని అది సాయంత్రానికి అయిపోకూడదు. కాని ఏళ్ళు వేసినా, గంటలు వేసినా, ముందు ఆ మనిషి చేత జరిగింది చెప్పించాలి. చెప్పినవాడికి శిక్ష పెరిగి, చెప్పనివాడికి తగ్గితే ఇక ఎవరు చెబుతారు? ఆ రోజు ఆ కోర్టులో అందరూ నేర్చుకున్న పాఠం అదే.

అయిదింటికి కోర్టు లేచింది. మేజిస్ట్రేటుగారు వెళ్ళారు, ఇన్‌స్పెక్టరుగారు వెళ్ళారు. నేను వసారాలోకి వచ్చేసరికి కానిస్టేబులు, వాళ్ళమ్మ స్తంభం దగ్గర నిలబడి ఉన్నారు. ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుని నా వైపు తోసింది.

అతను దగ్గరకు వచ్చి చేతులు జోడించాడు. "అమ్మా, మీరు చెప్పిందే నిజం. ముందు కాల్చాను. ఆ తరువాతే అరిచాను. ఆ నీళ్ళలో పిట్టలు పడతారని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే..." అని ఆగిపోయాడు.

ఎన్ని నెలలనుంచో ఊహించుకున్న మాట. నేను అనుకున్న గొంతు కాదు అది, ఇంకా సన్నగా ఉంది. విన్నాక గుండె తేలికవుతుందనుకున్నాను. వసారా ఖాళీగా ఉంది. జరిగింది వినవలసినవాళ్ళందరూ వెళ్ళిపోయారు.

"ఈ మాట లోపల చెప్పండి బాబూ," అన్నాను.

"కోర్టు లేచిపోయిందమ్మా."

"రేపు మళ్ళీ కూర్చుంటుందిగదండీ."

వాళ్ళమ్మ అతని మొహంలోకి చూసింది. అతను పైపంచెతో మొహం తుడుచుకుని, "పొద్దున్నే డ్యూటీ రిపోర్టు చెయ్యమన్నారు," అన్నాడు. ఇద్దరూ గేటు దాటి బస్సులు ఆగే వైపు వెళ్ళారు. ఆవిడ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

ఆ రాత్రి కాలువ దగ్గర చుట్టాల ఇంట్లో ఉన్నాం. పడుకునేముందు మామగారు అన్నారు, "వాడు రాడమ్మా."

"తెలుసండి మామయ్యా," అన్నాను. తెలుసు గానీ, రాకూడదని ఏముంది అని కూడా అనుకున్నాను.

మర్నాడు పొద్దున తలంటు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, మామగార్ని తీసుకుని కోర్టుకు వెళ్ళాను. ఇంకా తలుపులు తీయలేదు. ఒకామె వసారా ఊడుస్తోంది. మెట్లపక్కన కూర్చుని గేటు చూస్తూ ఉన్నాను. ప్లీడర్లు వచ్చారు, కక్షిదారులు వచ్చారు. నిన్న నవ్విన గుమస్తా ఒకడు నన్ను గుర్తుపట్టి పక్కవాడికి చూపించాడు. పంచె, చొక్కా వేసుకుని గేటులోంచి వచ్చిన ప్రతి మనిషీ అతనే అనిపించి మళ్ళీ కాకుండా పోయాడు.

పదిన్నరకు మేజిస్ట్రేటుగారు కారు దిగి మెట్లెక్కుతున్నారు. నేను లేచి నిలబడ్డాను. బంట్రోతు, "ఏయ్, తప్పుకో," అన్నాడు. నేను తప్పుకోలేదు.

"అయ్యా, ముందు తుపాకి పేలిందండి. అరుపు తరువాతండి. నేను చూసి కూడా అరవలేదు, అది నా పొరపాటండి," అన్నాను.

ఆయన ఆగారు. "నిన్న చెప్పావు కదమ్మా అదంతా," అన్నారు. కోపం లేదు ఆయన గొంతులో.

"నిన్న వాళ్ళు అడిగితే చెప్పానండి. ఈ వేళ ఎవరూ అడక్కుండా చెబుతున్నానండి."

ఆయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, ఒక నిమిషం అలాగే నిలబడ్డారు. తరువాత లోపలికి వెళ్ళారు. మొదటి కేసు పిలిచారు.

"పదమ్మా, పడవ వెళ్ళిపోద్ది," అన్నారు మామగారు.

ఇంకోసారి గేటు వైపు చూశాను. ఎవరూ రావడం లేదు. మెట్లు దిగి మామగారి వెనక కాలువ వైపు నడిచాను.